ఇంటి కంప్యూటరునకు ఏ నిర్వహణ వ్యవస్థ తగును?

2025 సంవత్సరము అక్టోబరు 28వ తేదీ రాత్రి మొంథా తుఫాను మన ఆంధ్ర తీరమును దాటినది. కృష్ణా జిల్లాలో చేతికి రానున్న వరి అనేక గ్రామములలో నేలబడినది. చేలలోని నీరు తీసి, పడిన పైరును లేవనెత్తి కట్టలు కట్టుకొనుచున్న ఆ దినములలోనే, గిలకలదిండిలో కాపురముండి సమీపమున కొంత వరి సాగుచేయు సభ్యుడొకరు మా వద్దకు వచ్చి ఒక సంగతి ప్రస్తావించిరి. వారి యింట కుమార్తె చదువు కొఱకు 2016లో కొన్న కంప్యూటరు కలదు. అందలి విండోసు 10 అను వ్యవస్థకు గడువు తీరినదని తెరమీద ఒక ప్రకటన కనబడుచున్నది. బజారులో చూపగా, ఈ యంత్రము క్రొత్త విండోసునకు చాలదనియు, దీనిని తీసివేసి వేఱొకటి కొనవలసినదేననియు చెప్పిరట. పంటకై తీసికొను అప్పులో కొంత భాగము కంప్యూటరునకు వాడుకొనవచ్చునా యని వారి ప్రశ్న.

పంటకై యిచ్చిన అప్పు పంటకే చెందవలయునన్నది సహకారోద్యమమున మొదటి పాఠము. అది యటుండగా, ఆ యంత్రము నిజముగా పనికిరానిదేనా యని మాకు సందేహము కలిగినది. ఎద్దు ముసలిదైనదా, లేక కాడి మాత్రమే విఱిగినదా యని చూడకయే సంతకు పోవు రైతు ఉండడు గదా! పది దినములు ఆగుమని వారిని కోరి, తెలిసినవారి నడిగి, మేమును స్వయముగా పరీక్షించి చూచితిమి. ఆ విచారణలో తెలిసిన విషయములను సభ్యులందఱి యుపయోగార్థము ఈ పాఠమున వ్రాయుచున్నాము. నేడు మన గ్రామములలో కంప్యూటరు గల యిండ్లు పెక్కు. ఈ ప్రశ్న గిలకలదిండి వారిది మాత్రమే కాదు.

1. నిర్వహణ వ్యవస్థ యనగా నేమి?

కంప్యూటరునందు కంటితో చూచి చేతితో తాకదగిన యంత్రభాగము ఒకటి. ఆ యంత్రము ఏమి చేయవలయునో తెలుపు సూచనల భాగము రెండవది. ఉత్తరము వ్రాయుటకు, లెక్క కట్టుటకు, బొమ్మ చూచుటకు వేర్వేఱు సూచనల కట్టలు కలవు. వీనిని ప్రోగ్రాములందురు. ఈ ప్రోగ్రాములన్నింటికి పెద్దయై, యంత్రశక్తిని వానికి పంచిపెట్టుచు, ఒకదాని కొకటి అడ్డుపడకుండ చూచునది ఆపరేటింగు సిస్టము. దీనినే తెలుగున నిర్వహణ వ్యవస్థ యనుచున్నారు.

మన కాలువల మీది లస్కరును తలచుకొన్నచో ఇది సులభముగా బోధపడును. కాలువలో పాఱు నీరు ఒక్కటే, తూములు అనేకము. ఏ తూము ఎప్పుడు తెఱవవలయునో, ఎప్పుడు మూయవలయునో చూచు లస్కరు లేనిచో ఎగువ వారి చేలు మునుగును, శివారు భూములకు చుక్క రాదు. అట్లే కంప్యూటరులోని జ్ఞాపకస్థానము, గణనశక్తి, డిస్కుమీది చోటు అన్నియు మితమైనవే. వానిని వంతులవారీగా పంచు లస్కరే నిర్వహణ వ్యవస్థ. లస్కరు మారినంత మాత్రమున కాలువ మారదు. కాని నీరు అందు తీరు మారును. అదే విధమున ఒకే యంత్రముమీద ఒక వ్యవస్థ మెల్లగాను, వేఱొకటి చుఱుకుగాను నడువవచ్చును.

ఒక వ్యవస్థకై వ్రాసిన ప్రోగ్రాము సాధారణముగా మఱియొక వ్యవస్థమీద నేరుగా నడువదు. ఎంపికలోని చిక్కంతయు ఇందే యున్నది. అయితే ఈ చిక్కు ఇప్పుడు కొంత తగ్గినది. మీభూమిలో అడంగలు చూచుట, బ్యాంకు ఖాతా చూచుట, పరీక్షా ఫలితములు తెలిసికొనుట మున్నగు పనులు ఇంటర్నెట్టు బ్రౌజరు ద్వారా జరుగుచున్నవి. బ్రౌజరు ఏ వ్యవస్థమీదనైనను దొరకును. 2022 జూనులో కేంద్ర ప్రభుత్వము 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘముల లెక్కలను కంప్యూటరులోనికి ఎక్కించుటకు 2,516 కోట్ల రూపాయల పథకమును ఆమోదించినది. దేశమంతటికి ఒకే లెక్కల పద్ధతి దాని యుద్దేశము. ఈ విధమున పనులు ఒక్కొక్కటిగా ఇంటర్నెట్టునకు చేరిన కొలది, ఇంటి యంత్రములో ఏ వ్యవస్థ యున్నదను ప్రశ్నకు బరువు తగ్గుచున్నది.

2. విండోసు

ఇండ్లలోను కార్యాలయములలోను అందఱికంటె మిక్కిలి పరిచయమైనది ఇది. మైక్రోసాఫ్టు అను అమెరికా సంస్థ 1985లో దీని మొదటి రూపమును వెలువరించెను. 2014 నుండి ఆ సంస్థకు ముఖ్య కార్యనిర్వాహకులైన సత్య నాదెళ్ల హైదరాబాదున పుట్టిన తెలుగువారు. అది మనకు సంతోషకరమే గాని, కొనుగోలునకు అది కారణము కారాదు.

విండోసునందలి గొప్ప గుణము పరిచయము. పొరుగువారికి తెలియును, బజారులో బాగుచేయువారికి తెలియును, పాఠశాలలో పిల్లలకు తెలియును. ఏ ముద్రణయంత్రమును తెచ్చి తగిలించినను చాలవఱకు పనిచేయును. వర్తకులు విరివిగా వాడు ట్యాలీ లెక్కల ప్రోగ్రాము విండోసు కొఱకే తయారైనది. తెలుగు ముద్రణశాలలలో చిరకాలముగా వాడుకలోనున్న అను లిపులతోడి పనియు విండోసు మీదనే సాగుచున్నది. ఇట్టి పనులతో జీవనము చేయువారు విండోసును విడుచుట నష్టకరము.

దోషములును కలవు. ఇది వెల యిచ్చి కొనవలసిన వస్తువు. క్రొత్త యంత్రముతో వచ్చినచో ఆ వెల యంత్రపు వెలలోనే కలిసియుండును. కొన్నది వాడుకొను హక్కు మాత్రమే. లోని సూచనలను చూచుటకుగాని మార్చుటకుగాని మనకు హక్కు లేదు. ఎప్పటి వఱకు దానిని సంరక్షింపవలయునో నిర్ణయించునది ఆ సంస్థయే. 2015 జూలైలో వెలువడిన విండోసు 10కి 2025 అక్టోబరు 14వ తేదీతో సాధారణ సంరక్షణ ముగిసినది. పేరు నమోదు చేసికొన్న గృహస్థులకు భద్రతా సవరణలు మాత్రము 2026 అక్టోబరు 13 వఱకు ఇత్తుమని ప్రకటించిరి.

2021 అక్టోబరులో వెలువడిన విండోసు 11కు 4 జీబీ జ్ఞాపకస్థానము, 64 జీబీ డిస్కు చోటు, టీపీఎం 2.0 అను భద్రతా భాగము, సంస్థ యంగీకరించిన పట్టికలోని ప్రాసెసరు ఉండవలయును. ఈ నియమములవలన, ఇంచుమించుగా 2018కి ముందు తయారైన యంత్రములలో పెక్కింటికి, అవి చక్కగా నడుచుచున్నను, విండోసు 11 ప్రవేశము లేకపోయినది. గిలకలదిండి సభ్యుని యంత్రమునకు వచ్చిన కష్టము ఇదియే. ఎద్దునకు రోగము లేదు. సంతవారు దాని పండ్లు లెక్కించి వయస్సు మీఱినదని త్రోసివేసిరి.

3. లినక్సు

1991లో ఫిన్లండు దేశమున హెల్సింకీ విశ్వవిద్యాలయపు విద్యార్థి లినస్ టోర్వాల్డ్సు తన కొఱకు ఒక వ్యవస్థ యొక్క మూలభాగమును వ్రాయనారంభించి, దానిని అందఱి యెదుట నుంచెను. అంతకు ముందే, 1983లో, అమెరికాలో రిచర్డు స్టాల్మన్ గ్నూ అను పేర, ఎవరైనను వాడుకొనుటకు, చదువుటకు, మార్చుటకు, ఇతరులకు పంచుటకు స్వేచ్ఛ గల వ్యవస్థను నిర్మింప పూనుకొనియుండెను. ఈ రెండు ప్రయత్నములు కలిసి నేటి లినక్సు వ్యవస్థ లైనవి. దేశదేశముల వారు, కొందఱు జీతమునకు, కొందఱు ఊరకయే, దీనికి పని చేయుచున్నారు.

సహకార సంఘ సభ్యులకు ఈ పద్ధతి క్రొత్తగా తోపదు. 1844లో ఇంగ్లండునందలి రాచ్‌డేల్ పట్టణమున నేతపనివారు తలా కొంత వేసికొని తమ అంగడిని తామే పెట్టుకొనిరి. మన దేశమున 1904 నాటి చట్టముతో పరపతి సంఘములు మొదలైనవి. ఒక్కనికి సాధ్యముకాని దానిని పదిమంది కలిసి నిర్మించుకొని, ఆ నిర్మించినది పదిమందికిని చెందునట్లు నియమము పెట్టుకొనుట అందును ఇందును ఒక్కటే. భేద మొక్కటి: మన సంఘమున వాటా సొమ్ము కట్టినవారే సభ్యులు, అక్కడ వాడుకొను ప్రతివాడును వెల యీయకయే హక్కుదారుడు.

లినక్సు అనునది ఒకే రూపమున దొరకదు. మూలము ఒక్కటి, దానిపై పలువురు తమతమ రీతుల కట్టి యిచ్చు వ్యవస్థలు పెక్కు. ఒకే వరి జాతిలో మారుటేరు స్వర్ణయు, బాపట్ల సాంబమసూరియు వేఱైనట్లు, వీనిలో డెబియన్, ఉబుంటు, మింట్ మున్నగునవి వేర్వేఱు రకములు. ఉబుంటువారు రెండేండ్ల కొకసారి వెలువరించు దీర్ఘకాల రకమునకు అయిదేండ్ల భద్రతా సవరణలు ఉచితముగా నిత్తురు. మింట్ రకము విండోసునకు అలవాటుపడిన వారికి తొందరగా పట్టుబడును; 2 జీబీ జ్ఞాపకస్థానముతో నడచును, 4 జీబీ యున్న సుఖముగా నుండును. మన దేశమున సీడాక్ అను ప్రభుత్వ సంస్థ బాస్ అను పేర భారతీయ భాషలతో కూడిన రకమును తయారుచేసినది. హైదరాబాదులోని స్వేచ్ఛ అను సంస్థవారు తెలుగులోనే పలుకరించు వ్యవస్థను కూర్చిరి. కేరళ రాష్ట్రమున ప్రభుత్వ పాఠశాలల పిల్లలు చాల యేండ్లుగా లినక్సు మీదనే పాఠములు నేర్చుచున్నారు. కావున ఇది పండితులకే గాని పామరులకు తగదను మాట నిలువదు. అంతేల? మనలో అనేకుల చేతనున్న ఆండ్రాయిడు ఫోనునకు మూలము సయితము లినక్సే.

ఉత్తరములు, లెక్కల పట్టికలు వ్రాయుటకు లిబ్రె ఆఫీసు అను ప్రోగ్రాముల కట్ట దీనితో ఉచితముగా వచ్చును. మైక్రోసాఫ్టు ఆఫీసులో వ్రాసిన కాగితములను అది చాలవఱకు తెఱవగలదు. క్లిష్టమైన అమరిక గల కాగితములలో వరుసలు కొంత చెదరుటయు కలదు.

లోపములను దాచుట ధర్మము కాదు. ట్యాలీ వంటి విండోసు ప్రోగ్రాములు లినక్సుమీద నేరుగా నడువవు. కొన్ని ముద్రణయంత్రములు వెంటనే లొంగవు. బజారులోని బాగుచేయువారిలో దీనిని ఎఱిగినవారు తక్కువ. యజమాని లేని సొత్తు గావున, చిక్కు వచ్చినప్పుడు ఫిర్యాదు చేయుటకు ఒక దుకాణము ఉండదు. తెలిసిన పొరుగువాడే దిక్కు. ఊరిలో అట్టివాడు ఒక్కడైనను లేనిచోట లినక్సు పెట్టుకొనుట, లస్కరు లేని తూమువద్ద నారు పోయుట వంటిది.

4. మాక్, క్రోమ్

ఆపిల్ సంస్థవారి మాక్ వ్యవస్థ వారి యంత్రములకే పరిమితము. మన యింటనున్న ఇతర యంత్రముమీద దానిని పెట్టుకొనుటకు వారి షరతులు ఒప్పవు. యంత్రము దృఢమైనది, వ్యవస్థ నెమ్మదిగలది, సవరణలు ఉచితము. కాని యంత్రపు వెల అధికము. ఛాయాచిత్రములు, చలనచిత్రములు కూర్చుట వృత్తిగా గలవారికి తగియుండును. ఉత్తరములు, లెక్కలు, పిల్లల చదువు మాత్రమే అవసరమైన రైతు కుటుంబమున కది తగిన ఖర్చు కాదని మా యభిప్రాయము.

గూగుల్ వారి క్రోమ్ వ్యవస్థతో కూడిన క్రోమ్‌బుక్కులు 2011 నుండి అమ్మకమునకు వచ్చినవి. పనులన్నియు బ్రౌజరులోనే జరుగును. నేర్చుట మిక్కిలి సులభము, పాడుచేయుట కష్టము. 2021 నుండి వెలువడిన యంత్రములకు పదేండ్ల సవరణలు ఇత్తుమని వారు చెప్పిరి. 2022లో క్రోమ్ ఫ్లెక్సు అను పేర పాత కంప్యూటరులమీద పెట్టుకొనదగిన రూపమును ఉచితముగా నిచ్చిరి. కాని అందు ఫోనులోని ఆండ్రాయిడు ప్రోగ్రాములు నడువవు. ఇంటర్నెట్టు చక్కగా నుండు ఇంటికి క్రోమ్ అనుకూలము. తుఫాను వచ్చి తీగెలు తెగి వారము దినములు లైను లేని మన తీరమున, దానినే నమ్ముకొనుట కొంచెము ఆలోచింపవలసిన విషయము.

5. తెలుగు వ్రాత

ఏ వ్యవస్థయైనను తెలుగు చక్కగా చూపి, తెలుగు వ్రాయనిచ్చునా యనునది మనకు ముఖ్యమైన పరీక్ష. 1991లో వెలువడిన యూనికోడు మొదటి సంపుటిలోనే తెలుగు లిపికి స్థానము దొరకినది. అనగా ప్రతి తెలుగు అక్షరమునకు ప్రపంచమంతట ఒకే సంఖ్య నిర్ణయమైనది. కావున నేడు విండోసులో వ్రాసిన తెలుగు ఉత్తరము లినక్సులోను, మాక్‌లోను, ఫోనులోను అట్లే కనబడును. ప్రభుత్వ ప్రమాణమైన ఇన్‌స్క్రిప్టు కీల అమరిక ఈ వ్యవస్థలలో దొరకును. ఒకచోట నేర్చిన వ్రేళ్లు మఱియొకచోట తడబడవు.

లిపుల విషయమున మన దివిసీమకు ఒక గౌరవము దక్కినది. తెలుగు భాషకై పాటుపడి, 1975లో హైదరాబాదున జరిగిన మొదటి ప్రపంచ తెలుగు మహాసభలకు సారథ్యము వహించిన మండలి వెంకట కృష్ణారావుగారి పేర మండలి అను తెలుగు లిపి కలదు. పురుషోత్ కుమార్ గుత్తుల రూపొందించిన ఈ లిపిని సిలికానాంధ్ర సంస్థ ఉచితముగా అందఱికి నిచ్చినది. ఏ వ్యవస్థమీదనైనను దీనిని వాడుకొనవచ్చును.

ఒక హెచ్చరిక. పూర్వము అను వంటి లిపులతో వ్రాసిన కాగితములు యూనికోడు పద్ధతివి కావు. ఆ లిపి లేని యంత్రములో తెఱచినచో అర్థములేని గుర్తులు కనబడును. అట్టి పాత కాగితములు గలవారు వ్యవస్థ మార్చుటకు ముందే వానిని యూనికోడునకు మార్పించుకొనవలయును.

పేరుపొందిన వ్యవస్థలు కూడ తెలుగువద్ద తడబడిన దినములు కలవు. 2018 ఫిబ్రవరిలో, జ్ఞానము అను మాటలోని మొదటి యక్షరమువంటి ఒక తెలుగు కూర్పు సందేశముగా వచ్చినంతనే ఆపిల్ వారి ఫోనులలోను మాక్‌లలోను ప్రోగ్రాములు ఆగిపోయినవి. ఆ నెల 19వ తేదీన వారు సవరణ పంపిరి. వెలను బట్టి నిర్దోషత్వమును ఊహింపరాదని దీనివలన తెలియుచున్నది. సవరణలు ఎంత యవసరమో అదియు తెలియుచున్నది.

6. భద్రత

సవరణలు లేని యంత్రమునకు వచ్చు అపాయము మన జిల్లాయే చూచినది. 2017 మే నెలలో వన్నాక్రై అను దుష్ట ప్రోగ్రాము ప్రపంచమంతట వ్యాపించి, యంత్రములలోని కాగితములకు తాళము వేసి, విడుదలకు సొమ్ము అడిగెను. సుమారు 150 దేశములలో రెండు లక్షలకు పైగా కంప్యూటరులు దీని పాలబడినవి. ఆంధ్రప్రదేశమున చిత్తూరు, గుంటూరు, కృష్ణా, విశాఖపట్టణము, శ్రీకాకుళము జిల్లాలలోని కొన్ని పోలీసు కార్యాలయముల కంప్యూటరులు చిక్కుకొన్నట్లు అప్పుడు పత్రికలు ప్రకటించినవి. అది ప్రవేశించినది విండోసులోని ఒక పగులు ద్వారా. ఆ పగులును పూడ్చు సవరణను మైక్రోసాఫ్టు 2017 మార్చిలోనే పంపినది. రెండు నెలలు దానిని వేసికొననివారు ఎక్కువగా నష్టపడిరి. గండి చిన్నదిగా నున్నప్పుడు బుట్టెడు మట్టితో పూడును. వరద వచ్చిన పిమ్మట ఊరంతయు పోయినను పూడదు.

మా యనుభవము ఒకటి సిగ్గు విడిచి చెప్పుచున్నాము. కొన్ని యేండ్ల క్రిందట మా కార్యాలయపు కంప్యూటరును బాగుచేయ వచ్చినవాడు దొంగ ప్రతి విండోసును పెట్టి పోయినాడు. వెల కలిసివచ్చినదని మేమును ఊరకున్నాము. ఆ ప్రతికి సవరణలు రాలేదు. ఒకనాటి ఉదయమున తెఱచి చూడగా ఎనిమిది నెలల వసూళ్ల పట్టిక లేదు. రసీదు పుస్తకములు కాగితముమీద నుండుటచేత, నలుగురు కూర్చుండి మూడు వారములు మఱల వ్రాసికొంటిమి. కాగితము లేకున్న ఏ సభ్యుడు ఎంత కట్టెనో తేల్చుట మా తరము కాకపోవును. అప్పటినుండి మాకు రెండు నియమములు: దొంగ ప్రతి ముట్టము, ప్రతి శనివారము లెక్కలకు వేఱొక ప్రతి తీసి ఇంకొకచోట దాచెదము.

ఇంకొక మాట. లినక్సుమీదికి దుష్ట ప్రోగ్రాములు తక్కువగా వచ్చుట నిజమే గాని, అసలు రావనుట తప్పు. మఱియు బ్యాంకు వారమని ఫోనులో పలికి ఓటీపీ యడుగువాని నుండి ఏ వ్యవస్థయు మనలను కాపాడలేదు. అది మన వివేకము చేయవలసిన పని.

7. ఎవరి కేది తగును?

నేలను బట్టి విత్తనము. పనిని బట్టి వ్యవస్థ. చౌడు నేలలో మెరక భూమి రకము వేసి విత్తనమును నిందించుట న్యాయము కాదు.

ట్యాలీ లెక్కలు, అను లిపుల ముద్రణ, లేదా విండోసు మాత్రమే కోరు ఉద్యోగపు పని గలవారు విండోసునే యుంచుకొనవలయును. యంత్రము చాలినచో విండోసు 11కు మాఱవలయును; చాలనిచో ఆ యంత్రముతో బ్యాంకు పనులు చేయరాదు.

ఉత్తరములు, పట్టికలు, పిల్లల చదువు, ఇంటర్నెట్టు మాత్రమే అవసరమై, పాత యంత్రము గట్టిగానుండి, తెలిసిన పొరుగువాడు ఒకడు గల యింటికి లినక్సు మేలు. ముసలివారు ఫోనుమీది మాటలు, వార్తలు పెద్ద తెరమీద చూచుటకే కోరినచో క్రోమ్ చాలును. సొంత వృత్తికి అవసరమై వెల భరింపగలవారు మాక్ కొనవచ్చును. అప్పు చేసి కొనరాదు.

రెండు వ్యవస్థలను ఒకే యంత్రములో ఉంచుకొను పద్ధతియు కలదు. అది పనికివచ్చును గాని, క్రొత్తవారు స్వయముగా చేయబూనిన ఉన్నదియు పోవుట కలదు.

8. మార్చువారు చేయవలసిన పనులు

మొదట, పోయిన దొరకని వానినన్నింటిని—ఛాయాచిత్రములు, పట్టాల నకళ్లు, లెక్కలు—రెండుచోట్ల దాచవలయును. రెండవది, లినక్సును 8 జీబీ పెన్ డ్రైవులోనికి ఎక్కించి, డిస్కును ముట్టకయే దానినుండి యంత్రమును నడిపి చూడవచ్చును. తెర, శబ్దము, వైఫై, ముద్రణయంత్రము పనిచేయునో లేదో అప్పుడే తెలియును. నచ్చనిచో పెన్ డ్రైవు తీసివేసిన పాత వ్యవస్థ యథాప్రకారముండును. మూడవది, ఇంటిలో నెలకొకసారి మాత్రమే వాడు ప్రోగ్రాములను కూడ జాబితా వ్రాసికొనవలయును. చిక్కు తఱచు అక్కడనే యుండును. నాల్గవది, కరెంటు నిలుకడగా నుండు వేళ, లేదా యూపీఎస్ ఉన్నచోట మాత్రమే మార్పు ఆరంభింపవలయును. అయిదవది, యంత్రము మెల్లగా నడుచుచున్నచో, తిరుగుడు డిస్కు స్థానమున ఎస్ఎస్‌డీ వేయించుట, క్రొత్త యంత్రము కొనుటకంటె చాల తక్కువ ఖర్చుతో జరుగు పని.

9. గిలకలదిండి యంత్రము సంగతి

బందరులో చదువుకొను ఒక యువకుని వెంటబెట్టుకొని మేము సభ్యుని యింటికి పోయితిమి. మొదట పెన్ డ్రైవునుండి మింట్ నడిపి చూపితిమి. తెర, శబ్దము, వైఫై వెంటనే పనిచేసినవి. కుమార్తె ఒక గంట సేపు వాడి చూచి ఒప్పుకొన్న పిమ్మట, కాగితములన్నింటికి ప్రతులు తీసి, ఎస్ఎస్‌డీ వేయించి, వ్యవస్థను మార్చుట ఆరంభించితిమి. సగములో కరెంటు పోయినది! పైన వ్రాసిన నాల్గవ నియమము ఆ రాత్రి నేర్చినదే. ప్రతులు ముందుగా దాచియుండుటచేత నష్టము లేక, మఱునాడు మొదటినుండి చేసితిమి. ముద్రణయంత్రము మాత్రము రెండు సాయంకాలములు మొండికేసి మూడవనాడు లొంగినది. కళాశాలవారు కోరు ఒక విండోసు ప్రోగ్రాము దీనిపై నడువలేదు. ఆ పని కళాశాలలోనే చేసికొనుచున్నదట. ఇంటి యిల్లాలు పాల లెక్క ఇప్పుడు తెలుగుననే వ్రాసికొనుచున్నారు.

పంట అప్పు పంటకే పోయినది. ఎస్ఎస్‌డీ ఖర్చును వారు అప్పులో చేర్చక పాల సొమ్ములోనుండి యిచ్చిరి.

అందఱికి ఇట్లే జరుగునని మేము చెప్పము. వేఱొక యింట విండోసు కొనుటయే ఉచితము కావచ్చును. తెరమీద వచ్చిన ప్రకటన ఒక సమాచారము మాత్రమే, ఆజ్ఞ కాదు. సొమ్ము తీయుటకు ముందు ఇంటి పనుల జాబితా తీయవలయును. వ్యవస్థ యేదో తెలిసినవాడు ఊరికొకడు తయారైనచో, సంఘమునకు అది ఒక క్రొత్త వాటా సొమ్ము వంటిది.

సభ్యులు కలిసి చర్చింపవలసిన ప్రశ్నలు

1. మీ యింటి కంప్యూటరులో ఏ వ్యవస్థ యున్నది? దానికి భద్రతా సవరణలు ఎప్పటి వఱకు వచ్చును?

2. మీరు చేయు పనులలో బ్రౌజరుతో జరుగునవి యెన్ని? ఒక్క వ్యవస్థమీదనే నడుచునవి యెన్ని?

3. మీ లెక్కలకు రెండవ ప్రతి ఎక్కడ నున్నది? కడపట ఎన్నడు తీసితిరి?

4. మీ గ్రామమున ఈ పని తెలిసిన యువకులు, యువతులు ఎవరు? నెలకొక సాయంకాలము వారిని సంఘ కార్యాలయమునకు పిలుచుట కేమి యేర్పాటు చేయగలరు?